14416 టెలీ మానస్ రివ్యూ: ఫ్రెండ్ కోసం ఫోన్ చేసినవాడి మాట

ఇది 14416 కి, అంటే టెలీ మానస్ అనే గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి రాస్తున్న రివ్యూ. ఫోన్ చేసింది నేను, కష్టంలో ఉన్నది మా వాడు. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ నెంబరుకి బాధపడేవాళ్లే చెయ్యాలని చాలామంది అనుకుంటారు. వాళ్లకేమో ఫోన్ తియ్యడానికి కూడా ఓపిక ఉండదు, పక్కన ఉన్నవాళ్లకేమో మనం చెయ్యొచ్చని తెలీదు, మధ్యలో రోజులు గడిచిపోతాయి. పక్కనున్నవాళ్లు కూడా చెయ్యొచ్చండి. "మా ఫ్రెండ్ ఇలా ఉన్నాడు, వాడితో ఎలా మాట్లాడాలి, ఇప్పుడు నేనేటి చెయ్యాలి" అని అడగొచ్చు. నాకు పనికొచ్చింది సరిగ్గా అదే.

ముందు సర్వీసు వివరాలు చెప్పేస్తాను. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున మొదలుపెట్టారు, బెంగుళూరు నిమ్‌హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ దీన్ని వెనకుండి నడిపిస్తుంది. నెంబరు 14416, అది కలవకపోతే 1800 89 14416. టోల్ ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు ట్రైనింగ్ అయిన కౌన్సెలర్ మాట్లాడతారు, విషయం పెద్దదైతే పై స్థాయిలో సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు ఉంటారు, నేరుగా చూపించుకోవాల్సి వస్తే దగ్గర్లో ఎక్కడికెళ్లాలో చెప్తారు. డబ్బులు ఒక్క రూపాయి అడగరు.

ఇంక మా సంగతి. మా ఇద్దరిదీ ఉద్దానం, సోంపేట వైపు. స్కూల్లో ఒకే బెంచీ, ఇప్పుడు ఇద్దరం విజయనగరంలోనే ఉంటున్నాం, నాకు కోట దగ్గర జిరాక్స్ షాపు ఉంది. వాడి గురించి ఎక్కువ రాయను, వాడిని అడిగాకే ఇది రాస్తున్నాను, ఎవరో తెలిసేలా రాయొద్దురా అన్నాడు, సరే అన్నాను. ఉద్యోగం పోయింది, అప్పులున్నాయి, చాన్నాళ్లుగా నిద్ర లేదు, ఇంట్లో ఒకరికి ఆరోగ్యం బాలేదు. ఇందులో ఏది కారణం అంటే నేను చెప్పలేను, వాడూ చెప్పలేడు. ఫలానా దాని వల్లే అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లని చూస్తే నాకిప్పుడు కోపం వస్తాది.

నాకు తేడా అనిపించినవి చిన్న చిన్నవి. మా స్కూల్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోంచి చెప్పకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం షాపుకొచ్చి కూర్చునేవాడు రావడం మానేసాడు. ఎవరికీ ముట్టుకోనివ్వని క్రికెట్ బ్యాటు, కిట్టు అంతా తెచ్చి మా అబ్బాయికి ఇచ్చేసి "నాకింక ఎందుకురా" అన్నాడు. ఎప్పుడో నా దగ్గర తీసుకున్న చిన్న బాకీ, నేనే మర్చిపోయింది, తీర్చేసాడు. ఒకరోజు పెద్ద చెరువు గట్టు మీద నడుస్తుంటే "నేను లేకపోతే అందరికీ తేలిగ్గా ఉంటాదిరా" అన్నాడు, మామూలుగా, కరెంటు బిల్లు గురించి చెప్పినట్టు. నేను ఏట్రా అలగంటన్నావు అంటే ఏటీ లేదురా ఊరికే అన్నాను అని నవ్వేసాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ రాత్రి నెట్‌లో వెతికి ముందు వేరే ఏదో కౌన్సెలింగ్ నెంబరుకి చేస్తే ప్యాకేజీ ఎంత, ఎన్ని సెషన్లు, అడ్వాన్స్ ఫోన్‌పే చెయ్యండి, ఇదే గోల. విషయం చెప్పనివ్వలేదు. పెట్టేసి 14416 కి చేసాను. భాష అడిగింది, తెలుగు నొక్కాను, కాసేపటికి ఒక మేడమ్ లైన్లోకి వచ్చారు.

ఆ ఫోన్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే సర్వీసు అంటే నాకు ఆ సంభాషణే. నేను మొదట గబగబా అంతా చెప్పేసాను, అప్పులు, నిద్ర, బ్యాటు, గట్టు మీద మాట. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు, అంతా అయ్యాక "ఇప్పుడు వాళ్లు ఎక్కడున్నారు, పక్కన ఎవరైనా ఉన్నారా" అని అడిగారు. ఇంట్లో వాళ్ల ఆవిడ ఉందన్నాను. తర్వాత అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "చనిపోవాలనే ఆలోచన వస్తుందా అని మీరు వాళ్లని నేరుగా అడిగారా?" అన్నారు. మేడమ్, అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవదా అన్నాను. అవదు అన్నారు. ఆ ఆలోచన ఉన్నవాళ్లకి ఎవరైనా అడిగితే ముందు భారం దిగుతుంది, లేనివాళ్లు లేదని చెప్తారు, అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు కూడా చెప్తున్నాయి అని వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే మాట చెప్తుందని తర్వాత చదివాను. మన వైపు అయితే ఆ మాట నోటి వెంట రావడమే అపశకునం అనుకుంటాం, ఎవరైనా అనబోతే తథాస్తు దేవతలుంటారని నోరు మూయిస్తాం. అలా నోరు మూయించినవాళ్లు ఆ ఆలోచనతో ఒంటరిగా మిగిలిపోతారు.

ఎలా అడగాలో కూడా చెప్పారు. "అలాంటి పిచ్చి పనులేవీ చెయ్యవు కదా" అని అడగొద్దన్నారు, అలా అడిగితే అవతలివాళ్లు లేదు లేదు అనే అంటారు, మనం ఏ జవాబు కోరుకుంటున్నామో ప్రశ్నలోనే తెలిసిపోతుంది కదా. ఒంటరిగా ఉన్నప్పుడు, తొందర లేనప్పుడు, మామూలు మాటల్లో అడగమన్నారు. అవునంటే కంగారు పడి లెక్చర్ ఇవ్వొద్దు, ముందు వినండి. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వెయ్యకండి, "నీ ప్రాణం కోసం అవసరమైతే చెప్తాను, కానీ నీకు తెలియకుండా చెప్పను" అనండి. ఇప్పుడే చేసేద్దామనే ఉద్దేశం ఉంది, ఎలాగో కూడా అనుకున్నారు అని తెలిస్తే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, 108 కో 112 కో చెయ్యండి, లేదా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో ప్రమాదం అనిపించేవి ఏవున్నా చేతికందకుండా దూరం పెట్టించండి, ఎందుకంటే ఆ ఉధృతి చాలామందికి కొంతసేపే ఉంటుంది, ఆ కాసేపు గడిస్తే మనిషి మిగులుతాడు అన్నారు. ఈ ఒక్క మాట కోసమే ఈ సర్వీసుకి ఎన్ని స్టార్లైనా ఇస్తాను.

పొద్దున్నే వాడింటికెళ్లి బండెక్కించుకొని వచ్చాను. మూడు లాంతర్ల దగ్గర టీ తాగి, రష్ లేని చోట కూర్చున్నాం. అడిగేసాను, ఒరే, చచ్చిపోవాలని అనిపిస్తుందేటిరా నీకు, అని. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎలా తెలిసింది" అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు, నేను ఆపలేదు. నెలల తరబడి లోపల మోస్తున్నదంతా చెప్పుకొచ్చాడు, నేను ఎక్కువ ఏమీ మాట్లాడలేదు, ఊ కొట్టాను అంతే. "ఎవరైనా అడుగుతారేమో అని ఎదురు చూసానురా" అన్నాడు. ఈ మాట ఇక్కడ రాయమని వాడే చెప్పాడు.

ఆ రోజే వాళ్లావిడకి, వాళ్ల అప్పకి, అంటే అక్కకి, వాడి ఎదురుగానే చెప్పాం. వాళ్ల అప్ప గట్టి మనిషి, ఏడుస్తూనే ఇంట్లో తియ్యాల్సినవన్నీ తీసి తన ఇంటికి పట్టుకుపోయింది. మళ్లీ 14416 కి ఈసారి వాడి చేతే చేయించాం, స్పీకర్ పెట్టకుండా, మేం బయట కూర్చున్నాం. బయటికొచ్చి డాక్టర్ దగ్గరకి వెళ్దాం అన్నాడు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి నేను కూడా వెళ్లాను, చీటీ రాయించడం దగ్గర నుంచి మందుల లైన్ వరకు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఆ స్థితిలో ఉన్న మనిషికి లైన్లో నిలబడటం కూడా కొండెక్కడమే, అక్కడ నుంచి వెనక్కి వచ్చేసేవాళ్లు ఎంతమందో. మీ ఫ్రెండ్‌కి "డాక్టర్‌కి చూపించుకో" అని సలహా ఇవ్వడం వేరు, చెయ్యి పట్టుకొని తీసుకెళ్లడం వేరు.

పోలీస్ కేసు భయం గురించి కూడా రాయాలి, వాళ్ల మావయ్య అదే అన్నాడు, ఆసుపత్రిలో చెప్తే కేసు రాస్తారు, పరువు పోతాది అని. ఆలోచనలు వస్తున్నాయని డాక్టర్‌తో చెప్పుకోవడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. ఒకవేళ ఎవరైనా ప్రయత్నం చేసినా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం, సంరక్షణ ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిది. పాత ఐపీసీలో ఆత్మహత్యాయత్నం నేరం అనే 309 సెక్షన్ ఉండేది, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది అలా లేదు. ఇది ప్రింట్ తీసి మావయ్య చేతిలో పెట్టాను, జిరాక్స్ షాపు ఉన్నందుకు ఆ మాత్రం పనికొచ్చింది.

ఇంకొకటి. చుట్టాలు అనే మాటలు. మగాడివి ఏడుస్తావేటి, పిల్లల మొహం చూసైనా ధైర్యం తెచ్చుకో, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా, దిష్టి తీయించు. మంచి మనసుతోనే అంటారు, ఒప్పుకుంటాను, కానీ పిల్లల మొహం చూసే వాడు "నేను వాళ్లకి భారం" అనుకుంటున్నాడు, మళ్లీ ఆ మొహమే చూపిస్తే భారం పెరుగుతాది గానీ తగ్గదు. మన దేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకొని పోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క, అందులో ప్రతి పది మందిలో ఏడుగురు మగాళ్లే. మగాడివి ఏడవకు అనే మాట ఇంకెప్పుడూ ఎవరికీ అనకండి దయచేసి.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఊళ్లో కొబ్బరి చెట్లు, జీడి తోటలు పడిపోయాయి కదా, అప్పుడు మమ్మల్ని బతికించినవాళ్లు వచ్చి ధైర్యంగా ఉండండి అనలేదు. రంపాలు, గొడ్డళ్లు పట్టుకొని వచ్చి దారికడ్డం పడ్డ చెట్లు కోసారు, డ్రమ్ముల్లో నీళ్లు తెచ్చారు, అన్నం వండి పెట్టారు. స్నేహం చెయ్యాల్సిన పని అదే అనిపిస్తుంది నాకు. మా వాడి విషయంలో అప్పుల కాగితాలన్నీ తీసి ఎవరికెంత, ఎవరితో మాట్లాడి గడువు అడగొచ్చు అని నేనూ ఇంకో ఫ్రెండూ కూర్చొని రాసాం. లోన్ యాప్ వాళ్ల ఫోన్లు కొన్నాళ్లు ఆ ఫ్రెండే ఎత్తాడు, వాడు బ్యాంకులో పనిచేసాడు కాబట్టి ఎలా మాట్లాడాలో తెలుసు. పిల్లల్ని స్కూలుకి దింపడం ఒకళ్లు. అప్పులు తీరిపోలేదు, కానీ అర్ధరాత్రి ఒక్కడే కూర్చొని లెక్కలేసుకునే పని తగ్గింది.

మందులు మొదలెట్టాక ఇంకో సంగతి, ఇది డాక్టర్ గారే ముందే చెప్పారు. డిప్రెషన్ మందులు వేసిన మర్నాడే పని చెయ్యవు, తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, బాగుందని మనంతట మనం ఆపెయ్యకూడదు. ఆ వారాలే అసలు కష్టం. ఇంట్లోవాళ్లు "మందులేస్తున్నాడు కదా ఇంకేటి" అనుకుంటారు, వాడేమో "మందులకి కూడా తగ్గట్లేదు" అనుకుంటాడు. ఆ ఖాళీలో పక్కన ఉండాల్సింది ఫ్రెండ్సే. పెద్దగా చేసిందేమీ లేదు. రోజూ ఒక మెసేజ్, జవాబు అడక్కుండా. "ఈరోజు షాపు ముందు ఆవు కూర్చుంది, కస్టమర్లు దాన్ని దాటి వస్తన్నారు" అని ఫోటో, అలాంటివి. ఎలా ఉన్నావు అని అడిగితే వాడు జవాబు తయారుచేసుకోవాలి, ఆవు ఫోటోకి తయారుచేసుకోనక్కర్లేదు. జవాబు రాని రోజు సాయంత్రం వాడింటికి వెళ్లి కూర్చోవడం, వాళ్లావిడ పెట్టిన ఉప్మా తినడం, టీవీలో ఏదొస్తే అది చూడటం. ఆదివారాలు బండి మీద చింతపల్లి బీచ్‌కో రామతీర్థానికో. పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం రోజు జనంలోకి రాలేనంటే బలవంతం చెయ్యకుండా ఇద్దరం మేడ మీద నుంచే దండం పెట్టుకున్నాం.

ఇలాంటి చిన్న పలకరింపుల మీద నిజంగా పరిశోధన ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లాక ట్రీట్‌మెంట్ కొనసాగించని 843 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి అయిదేళ్ల పాటు అప్పుడప్పుడు చిన్న ఉత్తరాలు పంపించారు. మీరు గుర్తున్నారు, బాగున్నారనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అలాంటి రెండు ముక్కలు, డిమాండ్ ఏమీ లేకుండా. ఉత్తరాలు అందుకున్నవాళ్లలో, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, ఆత్మహత్యలు తక్కువగా ఉన్నాయని 2001లో ప్రచురించారు. నాకైతే ఇది చదివాక ఆవు ఫోటో పంపడానికి ఇంకా బలం వచ్చింది.

రెండోసారి నేను నా కోసం కూడా 14416 కి చేసాను. నిద్రపట్టేది కాదు, ఫోన్ మోగితే గుండె గుభేల్ మనేది, వాడు మెసేజ్ చూడకపోతే షాపులో పని చెయ్యలేకపోయేవాడిని. ఇంకో కౌన్సెలర్ వచ్చారు, ఈసారి మగ గొంతు. "మీరు ఒక్కరే మొయ్యకండి, ఇద్దరు ముగ్గురు పంచుకోండి, వాళ్ల ప్రాణానికి మీరొక్కరే కాపలా అనుకుంటే మీరు కూడా పడిపోతారు" అన్నారు. అందుకే పైన చెప్పిన పనులు పంచుకున్నది. స్నేహితుడు డాక్టర్ కాదు, డాక్టర్ స్నేహితుడు కాలేడు, మనిషికి ఇద్దరూ కావాలి, ఈ సర్వీసు ఆ రెండిటికీ మధ్య వారధిలా పనిచేసింది మా విషయంలో.

సర్వీసు హద్దులు కూడా చెప్పాలి కదా. ఇది ఫోన్లో మాట్లాడే సాయం, అంబులెన్స్ కాదు, ప్రాణం మీదకొచ్చిన క్షణంలో ముందు 108 లేదా 112. ప్రతిసారీ అదే కౌన్సెలర్ దొరకరు, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి రావచ్చు, అందుకని ముందే నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకొని చేస్తే తేలిక. సాలూరు అవతల కొండ ఊళ్లలో సిగ్నల్ లేని చోట ఎంత మంచి ఫోన్ సర్వీసైనా ఏం చేస్తుంది, అక్కడ ఆశా వర్కర్లే దిక్కు. అన్నిటికంటే పెద్ద లోటు, జనానికి ఈ నెంబరు తెలీదు. నా షాపుకి రోజూ వచ్చే టీచర్లని, ఆటో వాళ్లని, డిగ్రీ పిల్లల్ని అడిగాను, 108 అందరికీ నోటికొచ్చు, 14416 అంటే ఏదో కస్టమర్ కేర్ అనుకున్నారు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, కోచింగ్ సెంటర్ల మెట్ల దగ్గర, రేషన్ షాపుల్లో, ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజు ప్రతి కాలేజీ గేటు మీద ఉండాల్సిన నెంబరు ఇది.

మా వాడు ఇప్పుడు ఎలా ఉన్నాడంటే, మందులు వాడుతున్నాడు, చిన్న ఉద్యోగం ఒకటి చూసుకున్నాడు, సాయంత్రాలు మళ్లీ షాపుకొస్తున్నాడు. అన్ని రోజులూ బాగుండవు. బాగోలేని రోజు ముందే "ఈరోజు బాలేదురా" అని చెప్తున్నాడు, నాకు అది చాలు. బ్యాటు తిరిగి ఇచ్చేస్తాం అంటే మాత్రం మా అబ్బాయి దగ్గరే ఉండనీ అన్నాడు, ఆదివారం వచ్చి వాడికి కవర్ డ్రైవ్ నేర్పిస్తున్నాడు.

ఇది చదువుతున్నవాళ్లలో ఆ ఆలోచనలు వస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మాట్లాడే ఓపిక లేకపోతే ఇదే ఒక్కరికి ఫార్వర్డ్ చేసి "నాకిలా ఉంది" అని రెండు ముక్కలు టైప్ చెయ్యండి. లేదా 14416 నొక్కి ఏమీ తోచకపోతే ఏమీ తోచట్లేదనే చెప్పండి, వాళ్లు వింటారు.

రేటింగ్ అయిదుకి నాలుగున్నర. తగ్గించిన అర స్టార్ ఫోన్ ఎత్తినవాళ్లకి కాదు, ప్రచారం లేకపోవడానికి. నా వంతుగా నెంబరు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి షాపు గోడకి అంటించాను, హాస్టళ్లకీ ఆఫీసులకీ అంటించుకోడానికి కావాలంటే కోట దగ్గరకి వచ్చి అడగండి, ఎన్ని కాపీలైనా ఫ్రీగా తీసిస్తాను.